చిట్యాల నుంచి అండమాన్ దీవులకు: విమానం టికెట్ కొనే ముందు పడవల సంగతి తెలుసుకోండి

2023 జులై 27న చిట్యాలలో 24 గంటల వ్యవధిలో 61 సెంటీమీటర్లకు పైగా వర్షం నమోదైంది. అదే రోజు మోరంచ వాగు ముంచెత్తడంతో మోరంచపల్లి జనం ఇళ్ల పైకప్పులు ఎక్కి సాయం కోసం ఎదురుచూశారు. ఆ వానకు మూలం వందల కిలోమీటర్ల అవతల బంగాళాఖాతంలో ఉన్న అల్పపీడనం. (జాతీయ రహదారి మీద నల్గొండ జిల్లాలో ఉన్న చిట్యాల కాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల గురించే చెబుతున్నాం.)

సముద్రం కంటికి కనిపించని ఊరినే అంతగా ముంచిన బంగాళాఖాతం మీద రెండు మూడు దీవులు తిరిగి, అనుకున్న రోజుకు ఇంటికి చేరాలంటే ఏం చూసుకోవాలి? పరకాల, భూపాలపల్లి, హనుమకొండ వైపు నుంచి అండమాన్ వెళ్లాలనుకునే కుటుంబాలు సాధారణంగా ముందు విమానం ధర చూస్తాయి, తర్వాత హోటల్, చివరగా దీవుల మధ్య పడవలు. ఈ వరుసను తిరగేయాలి. ఎందుకో చూద్దాం.

అసలు చిక్కు ఎక్కడ?

అండమాన్ ప్రయాణం నిజానికి రెండు ప్రయాణాలు. ఇంటి నుంచి పోర్ట్ బ్లెయిర్ వరకు ఒకటి. అక్కడి నుంచి హావ్‌లాక్, నీల్ లాంటి దీవులకు మరొకటి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని 2018 డిసెంబరులోనే మార్చారు. టికెట్ మీద పాత పేరు ఒకచోట, కొత్త పేరు ఇంకోచోట కనిపిస్తే కంగారు పడకండి.

మొదటి ప్రయాణంలో ఏదైనా తేడా వస్తే వేరే దారి ఉంటుంది. ఒక విమానం రద్దయితే ఇంకొకటి, రైలు ఆగితే బస్సు. రెండో ప్రయాణానికి ఆ వెసులుబాటు లేదు. హావ్‌లాక్‌కు, నీల్‌కు వంతెన లేదు, రోడ్డు లేదు. హెలికాప్టర్ సేవ ఉన్నా సీట్లు కొన్నే. స్థానికులకు, రోగులకు ముందు ఇస్తారు. పైగా పడవను ఆపే వాతావరణంలో హెలికాప్టర్ కూడా ఎగరదు. సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు ఆపేస్తే, మీ జేబులో ఎంత డబ్బున్నా దీవిలోనే ఉండాలి.

2016 డిసెంబరు మొదటి వారంలో సరిగ్గా ఇదే జరిగింది. తర్వాత వార్దా తుపానుగా మారిన వాయుగుండం వల్ల పడవలు ఆగి, హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. చివరకు నౌకాదళం, కోస్ట్ గార్డ్ ఓడలు వెళ్లి వారిని తీసుకొచ్చాయి. డిసెంబరు అంటే అక్కడ పర్యాటకుల రద్దీ మొదలయ్యే నెల. ట్రావెల్ ఏజెంట్లు ‘సీజన్’ అని చెప్పే నెల.

మనకు తీరిక దొరికే నెలలు, సముద్రం శాంతంగా ఉండే నెలలు

ఈ రెండూ కలవకపోవడమే మన ప్రాంతం వారికి పెద్ద ఇబ్బంది.

పత్తి ఏరడం దసరా ముందూ వెనుకా మొదలై సంక్రాంతి దాకా సాగుతుంది. తర్వాత మిర్చి కోతలు. యాసంగి వరి కోసి, వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి, డబ్బు ఖాతాలో పడేసరికి మే వస్తుంది. పిల్లల వేసవి సెలవులు కూడా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు. కాబట్టి ఇంట్లో ఎవరిని అడిగినా ‘మేలో పోదాం’ అంటారు.

కానీ దేశంలో నైరుతి రుతుపవనాలు ముందుగా తాకేది అండమాన్‌నే. మనకు జూన్‌లో వచ్చే రుతుపవనాలు అక్కడికి సాధారణంగా మే 22 నాటికే చేరతాయి. 2025లో మే 13నే నికోబార్, దక్షిణ అండమాన్ సముద్రాన్ని తాకాయి. దీనికి తోడు మే నెల తుపానుల నెల కూడా. 2023 మేలో మయన్మార్ తీరాన్ని దెబ్బకొట్టిన మోచా తుపాను అండమాన్ దగ్గరి సముద్రంలో పుట్టిందే. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు అది, అంటే తెలంగాణ సగటుకు మూడింతలు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గదులు చవగ్గా దొరుకుతాయి. చవకకు కారణం అదే.

దసరా సెలవులకు వెళ్దామంటే? అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం. అన్ని ఏళ్లూ చెడ్డవి కావు. కానీ మీరు వెళ్లే ఏడాది మంచిదో కాదో రెండు నెలల ముందు ఎవరూ చెప్పలేరు.

సముద్రం నమ్మదగినంత శాంతంగా ఉండేది జనవరి రెండో సగం నుంచి ఏప్రిల్ వరకు. ఫిబ్రవరి, మార్చి నెలలు ఇంకా మేలు, నీళ్లు కూడా తేటగా ఉంటాయి. మన ఊరి లెక్కలో చూస్తే రెండు అవకాశాలు కనిపిస్తాయి. సంక్రాంతి పండుగ చేసుకుని ఆ వెంటనే బయల్దేరడం ఒకటి: పత్తి పని దాదాపు అయిపోతుంది, మిర్చి ఇంకా జోరందుకోదు, బడికి మాత్రం రెండు మూడు రోజులు సెలవు పెట్టాలి. రెండోది, బడులు మూసిన వెంటనే ఏప్రిల్ చివరి వారంలో వెళ్లి మే మొదటి రోజుల్లోనే తిరిగి రావడం. ఉక్క ఉంటుంది కానీ భూపాలపల్లి ఎండ ముందు అదేమీ కాదు. మే 10 దాటితే మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడమే మంచిదని మా సలహా.

ఒక స్థానిక సంగతి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో ఈ ప్రాంతంలోని ఆర్టీసీ బస్సులు చాలావరకు అటే తిరుగుతాయి, వరంగల్, కాజీపేట స్టేషన్లు కిక్కిరిసిపోతాయి. ఆ ఏడాది జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో ప్రయాణం పెట్టుకునే ముందు జాతర తేదీలు చూసుకోండి.

తుపాను మీ వెంటే ఇంటికి వస్తుంది

ఇది చాలామందికి తట్టని విషయం. అండమాన్ మీదుగా వెళ్లిన తుపాను అక్కడితో ఆగదు. చాలాసార్లు వాయవ్యంగా కదిలి నాలుగైదు రోజుల్లో మన తూర్పు తీరాన్ని తాకుతుంది. అంటే మీరు తిరిగి రావాల్సిన రేవునే.

హుద్‌హుద్ గుర్తుంది కదా. 2014 అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర దీవులను దాటింది. 12న విశాఖపట్నం మీద పడింది. విశాఖ విమానాశ్రయం దెబ్బతిని రోజుల తరబడి విమానాలు లేవు. వార్దా కూడా అంతే. అండమాన్‌లో పర్యాటకులను బంధించిన కొద్ది రోజులకే, 2016 డిసెంబరు 12న చెన్నై దగ్గర తీరం దాటింది. చెన్నై విమానాశ్రయం మూసేశారు, రైళ్లు ఆగాయి. అండమాన్‌లో రెండు రోజులు చిక్కుకుని, ‘హమ్మయ్య బయటపడ్డాం’ అనుకుని చెన్నై టికెట్ కొన్నవారి ఎదుట మళ్లీ అదే తుపాను నిలిచింది.

రైలు మార్గానికీ భరోసా లేదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. వరంగల్ నుంచి విజయవాడకు, అక్కడి నుంచి చెన్నైకి, విశాఖకు వెళ్లే దారి అదే. రోజుల పాటు రైళ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి.

పోర్ట్ బ్లెయిర్ చేరడానికి మూడు దారులు

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం దొరికితే అదే మొదటి ఎంపిక. చెన్నై మీదుగా వెళ్తే కొంత చవక కావచ్చు. కానీ పైన చెప్పిన కారణం వల్ల, ముఖ్యంగా అక్టోబరు–డిసెంబరు నెలల్లో, తీరాన్ని తాకకుండా ఇంటికి చేర్చే విమానానికి కాస్త ఎక్కువ పెట్టడం దండగ కాదు. చిట్యాల నుంచి పరకాల, హనుమకొండ మీదుగా శంషాబాద్ చేరడానికి ఐదారు గంటలు లెక్కేసుకోండి. పొద్దున విమానమైతే ముందురోజు సాయంత్రమే బయల్దేరాలి.

రెండోది, వరంగల్‌లో రైలెక్కి చెన్నై చేరి అక్కడ విమానం పట్టుకోవడం. ఇలా వెళ్తే రైలు చేరే సమయానికీ విమానానికీ మధ్య కనీసం సగం రోజు, వీలైతే ఒక రాత్రి ఉండాలి. రైలు ఆలస్యమైందని విమానం ఆగదు. రైల్వే, విమానయాన సంస్థ వేర్వేరు కాబట్టి ఒకరి ఆలస్యానికి ఇంకొకరు బాధ్యత తీసుకోరు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 అక్టోబరు వరకు ఉన్న 120 రోజుల లెక్క ఇప్పుడు పనికిరాదు.

మూడోది ఓడ. చెన్నై, విశాఖ, కోల్‌కతా నుంచి ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. ప్రయాణం రెండున్నర నుంచి మూడు రోజులు. విశాఖ నుంచి ఓడలు తక్కువ. తేదీలు ముందుగా ప్రకటించినా మారుతుంటాయి. పదిహేను రోజుల సెలవు, ఓపిక ఉన్నవారికి అది గొప్ప అనుభవమే. వారం రోజుల సెలవుతో వెళ్లేవారు అటు చూడకపోవడమే మేలు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఎల్‌టీసీ మీద వెళ్తుంటే ఒక షరతు మరచిపోవద్దు. విమాన టికెట్లు ఐఆర్‌సీటీసీ, బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్ ద్వారానే తీసుకోవాలి. తెలిసిన ఏజెంట్ దగ్గర కొంటే తర్వాత బిల్లు దగ్గర ఇబ్బంది.

దీవుల మధ్య పడవలు

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు రెండు రకాల పడవలు ఉన్నాయి. అండమాన్ యంత్రాంగంలోని షిప్పింగ్ సర్వీసెస్ విభాగం నడిపే ప్రభుత్వ ఫెర్రీలు సుమారు రెండున్నర గంటలు తీసుకుంటాయి. మాక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటి ప్రైవేటు పడవల్లో వేగమైనవి గంటన్నరలో చేరుస్తాయి. ధర ప్రభుత్వ పడవ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. హావ్‌లాక్ నుంచి నీల్‌కు గంట లోపే, నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు గంటన్నర నుంచి రెండు గంటలు.

ప్రభుత్వ పడవలు ముందుగా అక్కడి జనం కోసం. ఆసుపత్రికి వెళ్లేవారు, కూరగాయలు తెచ్చేవారు, పరీక్షలకు వెళ్లే పిల్లలు అందులోనే తిరుగుతారు. మనకు ఆర్టీసీ పల్లెవెలుగు ఎలాగో వారికి అది అలాగ. కాబట్టి పర్యాటకులకు దొరికే సీట్లు పరిమితం. దొరికితే తీసుకోండి, దాని మీదే మొత్తం ప్రయాణాన్ని ఆనించకండి. ప్రైవేటు పడవలను వారాల ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు.

ఇక్కడే వరుస తిరగేయాలన్న మాట. ముందు మీ తేదీల్లో పడవలు ఏయే వేళల్లో ఉన్నాయో చూడండి. ఆ వేళలకు సరిపోయే విమానం చూడండి. చివర్లో హోటల్, అది కూడా రద్దు చేసుకునే వీలున్నది. విమానం మధ్యాహ్నం దిగి, ఆ రోజు చివరి పడవ అప్పటికే వెళ్లిపోతే, ముందే డబ్బు కట్టిన హావ్‌లాక్ గది ఆ రాత్రి ఖాళీగా ఉంటుంది. మీరు పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకో గదికి డబ్బు కడతారు.

వేగంగా వెళ్లే పడవల్లో అల ఎక్కువగా ఉన్నప్పుడు వాంతులు మామూలే. పొద్దున పడవ ఎంచుకోండి, సాధారణంగా అప్పుడు గాలి తక్కువ. పిల్లలకు, పెద్దవారికి వాంతుల మాత్ర ఏది, ఎంత ఇవ్వాలో బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

దూరం దీవులు ముందు, పోర్ట్ బ్లెయిర్ చివర

చాలా ప్యాకేజీల్లో మొదటి రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్ చూపించి, చివర్లో హావ్‌లాక్, నీల్ తిప్పి, నీల్ నుంచి పడవ దిగిన రోజే విమానం ఎక్కిస్తారు. కాగితం మీద బాగుంటుంది. ఒక్క పడవ రద్దయితే విమానం పోతుంది.

దీన్ని తిప్పి వేసుకోండి. ఏడు రోజులు ఉంటే: మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి పడుకోండి. రెండో రోజు పొద్దున పడవకు హావ్‌లాక్, అక్కడ రెండు రాత్రులు. నాలుగో రోజు నీల్, ఒక రాత్రి. ఐదో రోజు పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగి రండి. ఆరో రోజు సెల్యులార్ జైలు, రాస్ దీవి. ఏడో రోజు విమానం. ఇందులో ఆరో రోజే మీ రక్షణ. పడవ ఒక రోజు ఆగితే ఆ రోజు పోతుంది, విమానం పోదు. సెల్యులార్ జైలును హడావుడిగా ఆరో రోజు సాయంత్రమో, తప్పకపోతే అసలు చూడకుండానో వస్తారు, అంతే.

అక్టోబరు–డిసెంబరు నెలల్లో అయితే ఒక రోజు చాలదు. రెండు రోజులు వదలండి. పడవలు ఒక రోజు ఆగితే మర్నాటి పడవల్లో సీట్లు అప్పటికే నిండి ఉంటాయి. ఆగిపోయినవారంతా వాటిలోనే సర్దుకోవాలి. అందుకే ఒక రోజు ఆటంకం రెండు రోజుల ఆలస్యం అవుతుంది. అన్ని రోజులు లేకపోతే నీల్‌ను వదిలేయండి. నాలుగు రోజుల్లో మూడు దీవులు చూపిస్తామన్న ప్యాకేజీ కంటే రెండు దీవులు నిదానంగా చూసిరావడం నయం.

వాతావరణ సూచనలో ఏ మాట చదవాలి?

ఫోన్‌లో కనిపించే మబ్బు బొమ్మ, వాన శాతం ఇక్కడ పెద్దగా పనికిరావు. వాన పడినా పడవలు నడుస్తాయి. వాటిని ఆపేది గాలి, అల.

వాతావరణ శాఖ అండమాన్ బులెటిన్‌లో ‘మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదు’ అన్న హెచ్చరిక ఉందేమో చూడండి. దాని పక్కనే గాలి వేగం ఉంటుంది. గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 60 అని ఉంటే మీ పడవ గురించి ఫోన్ చేసి కనుక్కోవాల్సిన సమయం వచ్చిందని అర్థం. అల ఎత్తు తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, రోజూ సూచనలు ఇస్తుంది. అండమాన్‌కు విడిగా కూడా. ఎక్కడో సముద్రం లేని నగరంలో కూర్చుని దేశమంతటికీ అలల లెక్క చెప్పే సంస్థ మన దగ్గరే ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు టీవీలో వింటుంటాం. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో వాయుగుండమో తుపానో ఉందని చెబుతాయి. మూడో నంబరు అంటే ఈదురుగాలులు ఆ రేవునే తాకే అవకాశం ఉందని. ఆపై నంబర్లు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో మూడో నంబరు ఎగరేశారని తెలిసి మీరింకా హావ్‌లాక్‌లో ఉంటే, నీల్ సంగతి మరచి దొరికిన మొదటి పడవకు వెనక్కి రావడమే తెలివి.

ఈ సూచనలు ఐదు రోజుల లోపు బాగా నమ్మదగినవి. అందుకే బయల్దేరడానికి ఐదు రోజుల ముందు ఒకసారి, తర్వాత ప్రతి సాయంత్రం చూడండి.

రద్దయితే డబ్బు ఎవరిస్తారు?

పడవను వాతావరణం వల్ల సంస్థే రద్దు చేస్తే డబ్బు వాపసు ఇస్తారు, లేదా ఇంకో రోజుకు మారుస్తారు. విమానాన్ని సంస్థే రద్దు చేసినా అంతే. చిక్కు ఎక్కడంటే, పడవ రద్దయి మీరు విమానం అందుకోలేకపోతే. విమానం సమయానికే వెళ్లింది కాబట్టి మీరు ‘రాని ప్రయాణికుడు’. అప్పుడు చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుముల వరకు వాపసు అడగవచ్చు. ఆ మాత్రం కూడా అడగాలని చాలామందికి తెలియదు. అసలు టికెట్ ధర పోయినట్టే.

అందుకే పడవ ఆగిందని తెలిసిన క్షణం విమానయాన సంస్థకు ఫోన్ చేసి తేదీ మార్చుకోండి. విమానం వెళ్లకముందు మార్చుకుంటే రుసుము, ధర తేడా కడితే సరిపోతుంది. వెళ్లాక ఏమీ మిగలదు. రైలు విషయంలో, రైల్వే రైలును పూర్తిగా రద్దు చేస్తే ఈ–టికెట్ డబ్బు దానంతట అదే ఖాతాలో పడుతుంది. మీరు ఎక్కే స్టేషన్‌కు రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ఎక్కకూడదనుకుంటే, అది బయల్దేరకముందే టీడీఆర్ వేయాలి.

ప్రయాణ బీమా తీసుకుంటే పత్రంలో పడవ ప్రయాణం ఉందో లేదో చూడండి. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా సాధారణంగా ఆ తుపానుకు పనిచేయదు.

మరికొన్ని

అండమాన్‌లోనూ గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముందే వెళ్లిపోతాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే సూర్యాస్తమయం. తెల్లవారడం కూడా ముందే. రోజును అయిదున్నరకు మొదలుపెట్టండి. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లే దారి జరావా తెగ వారి అడవి గుండా పోతుంది. నిర్ణీత వేళల్లో పోలీసు కాన్వాయ్‌తోనే వెళ్లాలి, బండి ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. నికోబార్ దీవులు పర్యాటకులకు తెరిచి లేవు. కొన్ని బీచ్‌లలో మొసలి హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు.

చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ 2020 ఆగస్టులో వచ్చాక ఇంటర్నెట్ మెరుగుపడింది. అయినా నీల్‌లో సిగ్నల్ సరిగా ఉండకపోవచ్చు. పడవ టికెట్లు కాగితం మీద ముద్రించుకోండి, నగదు కొంత దగ్గర ఉంచుకోండి. భాష గురించి బెంగ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనంలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా చెప్పారు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. జెట్టీ దగ్గర తెలుగులో అడిగి చూడండి, తరచూ తెలుగులోనే జవాబు వస్తుంది.

ఒకవేళ దీవిలో చిక్కుకుంటే, హోటల్ గదిలో కూర్చుని వాట్సాప్‌లో వచ్చే సందేశాలు నమ్మకండి. జెట్టీ కౌంటర్‌కు వెళ్లి మీ పేరు, ఎంతమంది, విమానం తేదీ నమోదు చేయించండి. రోగులు, చంటిపిల్లల తల్లులు, గర్భిణులు ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. పడవ రద్దయినట్టు వచ్చిన సందేశం దాచుకోండి, విమానం తేదీ మార్చేటప్పుడు, బీమాకు, ఆఫీసులో సెలవుకు అదే ఆధారం. అత్యవసరమైతే 112, సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డ్ నంబరు 1554.